సందూకలో మూడు నిమిషాలు

సినిమా హాలు వెనక తెగిపడిన రీలు ముక్కలు ఏరుకున్న పిల్లలు నల్లగొండలో, పాలమూరులో ఇప్పుడు తాతలవుతున్నారు. కాలిపోయిన బల్బు మూతి మెల్లగా విరిచి, లోపలి తీగ తీసేసి నీళ్లు నింపితే అదే లెన్సు. తలుపు సందులోంచి అద్దంతో ఎండను చీకటి గదిలోకి మళ్లిస్తే, నాన్న ధోవతి మీద కాంతారావు కత్తి పట్టుకుని తలకిందులుగా ప్రత్యక్షమయ్యేవాడు. ముక్క తిరగేస్తే నిటారుగా నిలిచేవాడు. ఆయన మన కోదాడ దగ్గరి గుడిబండవాడేనని ఆ పిల్లల్లో ఎందరికి తెలుసో!

ఇంట్లోనే సినీ ఫిల్ము స్కానర్ కట్టుకుంటున్న ఔత్సాహికుల సంగతి విన్నప్పుడల్లా ఆ నీళ్ల బల్బే గుర్తొస్తుంది. పాత ఎనిమిది ఎంఎం ప్రొజెక్టర్ ఒకటి సంపాదిస్తారు. సెగలు కక్కే దీపం తీసేసి చిన్న ఎల్‌ఈడీ, దాని ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్క పెడతారు. గబగబా తిరిగే మోటారు పోయి, నింపాదిగా తిరిగేది వస్తుంది. ఎదురుగా తెర ఉండదు, కెమెరా ఉంటుంది. ఫ్రేము వచ్చి ఆగగానే ఒక ఫోటో. అవన్నీ కంప్యూటర్లో వరసగా కూర్చితే బొమ్మ మళ్లీ నడుస్తుంది.

1965లో కొడాక్ తెచ్చిన సూపర్ 8 రీలు పొడవు 50 అడుగులు. అందులో 3,600 ఫ్రేములు. సెకనుకు 18 చొప్పున ఆడిస్తే మూడు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోతుంది. ఇంటి స్కానర్ సెకనుకు ఒకటే తీస్తే గంట పడుతుంది. ఆ గంట దండగ అనిపించదు నాకు. ఎన్నేళ్లుగానో చీకట్లో ఉన్న మనుషులు, ఒక్కొక్కరూ ఆగి, కనిపించి వెళతారు.

మన వైపు ఇళ్లలో ఇలాంటి కెమెరాలు అరుదే. పెళ్లిలో ఒక గ్రూపు ఫోటో దిగితేనే గొప్ప. సాగర్ ప్రాజెక్టులో కొలువు చేసినవాళ్ల దగ్గరో, అమెరికా పోయి సెలవులకు వచ్చిన డాక్టర్ల దగ్గరో ఉంటే ఉండేది. తీసినాయన పెళ్లికూతురునే చూసి ఉంటాడు. ఇప్పుడు మన కళ్లు ఆమె వెనక గిలక బావి మీద, పందిరి గుంజ పట్టుకుని కెమెరాను వింతగా చూస్తున్న పిల్లవాడి మీద ఆగుతాయి.

1940లో అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య గడిపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. పరదేశి చూసిన మనవాళ్లు అలా మిగిలారు. మనం చూసుకున్న మనవాళ్లు ఏ సందూక అడుగున ఉన్నారో!

శ్రీశైలం జలాశయం కోసం 1981లో కృష్ణ ఒడ్డున పాలమూరు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. వాడకట్టును అలా విప్పి కట్టడం ఎవరి తరం? ఎవరింటి రీలులోనైనా ఆ ఊళ్ల అరుగొకటి మిగిలి ఉంటుందన్న ఆశ నాకింకా చావలేదు.

ఇంట్లో తీసిన ఈ రీళ్లలో చాలావాటికి మాట లేదు. ఆమె ఎవరు, ఆ బండి ఎవరిది అని చెప్పే గొంతు పక్కన లేకపోతే ఎంత శుభ్రంగా స్కాన్ చేసినా వాళ్లు ముక్కూమొహం తెలియని జనమే. నన్నడిగితే ఫిల్ము కంటే ముందు కరువయ్యేది ఆ గొంతే.

ఓసారి సందూక తీసి చూడండి. డబ్బా మూత తీయగానే వెనిగర్‌లాంటి పుల్లటి వాసన వస్తే ఫిల్ము పాడవుతున్నట్టే, ఇక ఆలస్యం చేయకండి. పాత ప్రొజెక్టర్లో వేసి ఆడించే సరదా మాత్రం వద్దు, ఎండిన ఫిల్ము పటుక్కున తెగుతుంది. స్కానర్ కట్టే ఓపికున్న పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లో దొరుకుతారు. ఆ రోజు నాయనమ్మకు పక్కన కుర్చీ వేసి, ఆమె చెప్పే పేర్లు రాసుకోండి.