చెక్‌పోస్ట్ లేని ట్యాంకు



మన్ననూర్ ఎక్కడ, సముద్రం ఎక్కడ! నల్లమల అడవి మొదలయ్యే ఊరు అది. అక్కడ మా ఆపా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల గాజు ట్యాంకు, అందులో ఉప్పునీళ్లు, రెండు క్లౌన్ చేపలు, మూడు డ్యామ్‌సెల్ చేపలు ఉండేవి. అదంతా మా భాంజా షౌఖ్. హైదరాబాద్‌లో నౌకరీ చేసినన్నాళ్లు పైసా పైసా జమ చేసుకొని, ఊరికి వచ్చి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాక ఆ ట్యాంకు కట్టుకున్నాడు. అసర్ నమాజ్ అయ్యిందంటే చాలు, గల్లీ పిల్లలంతా వచ్చి గాజుకు ముక్కులు ఆనించి "నీమో, నీమో" అంటూ నిలబడేవాళ్లు.

ఒకరోజు హైదరాబాద్ వెళ్లి నీలంరంగు ట్యాంగ్ చేప ఒకటి కొన్నాడు. కవర్లో పెట్టుకొని, అచ్చంపేట మీదుగా బస్సులో తెచ్చి, ఇషా వేళకు ఇల్లు చేరాడు. పిల్లలు ఎదురు చూస్తున్నారు కదా అని కవరును కాసేపు నీళ్లలో తేలించి, చేపను ట్యాంకులోకి వదిలేశాడు. నాలుగో రోజుకు దాని ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మా ఆపా "నజర్ తగిలింది" అని మిరపకాయలతో దిష్టి తీసింది. ఎవరో చెబితే భాంజా మేతలో వెల్లుల్లి రసం కలిపి పెట్టాడు. ఇంకో ఐదు రోజులకు ఫజర్ కాగానే నాకు ఫోన్.

"మామూ, అల్హమ్దులిల్లాహ్, మచ్చలన్నీ పోయినయ్!"

నేనూ షుక్ర్ అన్నాను. అప్పటికి నాకూ తెలియదు. తర్వాత రెండు వారాలకు ఆ చుక్కలు మళ్లీ వచ్చాయి. ఈసారి ట్యాంగ్ ఒక్కదానికి కాదు, అన్నిటికీ. రోజుకొకటి చొప్పున పోయాయి. చివరి క్లౌన్ చేప పక్కకు ఒరిగి శ్వాస కోసం మొప్పలు కొట్టుకుంటుంటే, ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదంట. ఓదార్చడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట: "జానే దో బేటా, తఖ్దీర్."

నా అభ్యంతరం ఆ మాట మీదే. మన జల్దీబాజీకి తఖ్దీర్ అని పేరు పెట్టడం మనకు అలవాటైపోయింది.

ఈ తెల్లమచ్చల బీమారీని తెచ్చేది కంటికి కనబడని ఒక పరాన్నజీవి. పేరు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. 1937లో జపాన్‌లో సికామా అనే శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, 1951లో బ్రౌన్ ఇప్పుడున్న పేరు పెట్టాడు. అంటే కొత్త మరజ్ కాదు, దాని చాలంతా తెలిసినదే. చేప చర్మం కింద, మొప్పల్లో దూరి 3 నుంచి 7 రోజులు తిని బలుస్తుంది. అప్పుడే మనకు చుక్కగా కనబడుతుంది. కడుపు నిండాక తనంతట తానే చేపను వదిలి, కిందకు దిగి, ఇసుకకో రాయికో గాజుకో అతుక్కొని చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది. లోపల ముక్కలు ముక్కలుగా చీలి, ఒక్కో పెంకు నుంచి 200 దాకా పిల్లలు బయటకు వస్తాయి. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరకాలి, లేకపోతే చస్తాయి. విశాలమైన సముద్రంలో చాలావాటికి దొరకదు. నాలుగడుగుల డబ్బాలో మాత్రం చేప ఎక్కడికి పోతుంది?

మచ్చలు పోయాయని భాంజా షుక్ర్ చెప్పిన ఆ పొద్దున బీమారీ పోలేదు. ట్యాంకు అడుగున కూర్చొని గుణించుకుంటోంది. వెల్లుల్లి ఏమీ పెట్టకపోయినా ఆ మచ్చలు అదే రోజుకు పోయేవి. వెల్లుల్లికైనా, దిష్టికైనా, "కోరల్‌కు ఏమీ కాదు, నేరుగా ట్యాంకులో పోసేయండి" అని అమ్మే సీసాలకైనా ఈ చుక్కలు మాయమయ్యే రోజే పేరు తెచ్చిపెడుతుంది. ఆ ఐదో రోజు ధోకాలో పడి ఎన్ని ఇళ్లల్లో ట్యాంకులు ఖాళీ అయ్యాయో అల్లాహ్‌కే తెలుసు.

మంచినీటి చేపలు పెంచినవాళ్ల సలహాలూ ఇక్కడ పనికిరావు. వాటికీ తెల్లమచ్చలు వస్తాయి గానీ అది వేరే జీవి. అక్కడ నీళ్లు కొంచెం వేడి చేసి, ఉప్పు వేస్తే తగ్గవచ్చు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఉప్పు తగ్గించాలి. నీటి సాంద్రతను మామూలు 1.025 నుంచి మెల్లగా 1.009కి దించి, కొన్ని వారాలు అక్కడే కదలకుండా నిలపడం ఒక ఇలాజ్. సాంద్రత కొలిచే పరికరం సరైనదై ఉండాలి, కొంచెం పైకి పోయినా మెహనత్ అంతా బేకార్.

రెండోది రాగి మందు, దుకాణాల్లో కాపర్ అంటారు. మామూలు కాపర్ సల్ఫేట్ అయితే లీటరు నీటికి రాగి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు ఉండాలి. కొన్ని కంపెనీల మందులకు మోతాదు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి డబ్బా మీద రాసిందే పాటించాలి, టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే చేపే పోతుంది. రాగి చంపేది పెంకు నుంచి బయటపడి ఈదుతున్న పిల్లలనే. చేప ఒంట్లో ఉన్నదాన్ని, పెంకులో ఉన్నదాన్ని అది తాకదు. అందుకే నెల రోజులు మోతాదు తగ్గకుండా ఉంచాలి.

మూడోది మందే లేని దారి. చేపను ప్రతి 3 రోజులకు ఒకసారి, కడిగి పూర్తిగా ఎండబెట్టిన వేరే డబ్బాలోకి, కొత్త ఉప్పునీళ్లలోకి మార్చడం. నాలుగు సార్లు మారిస్తే, ఒంటి మీద నుంచి రాలినవి పిల్లలు పెట్టేలోపే వెనక ఉండిపోతాయి. రెండు ప్లాస్టిక్ డబ్బాలు, కాస్త సబ్ర్ ఉంటే చాలు.

ఈ మూడింట్లో ఏదీ పెద్ద ట్యాంకులో చేయకూడదు. రాగి తగిలితే కోరల్, రొయ్యలు, నత్తలు బతకవు. రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకొని మోతాదు తప్పిస్తాయి. చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి తీయాలి. అందులో ఇసుక వద్దు, రాయి వద్దు, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్ చాలు. అమోనియా పెరుగుతోందా అని రోజూ చూడాలి. పెద్ద ట్యాంకులో మాత్రం చేప అనేది లేకుండా ఉంచాలి. కనీసం ఆరు వారాలు అంటారు, కొన్ని పెంకులు 72 రోజుల దాకా ఆగి పగిలిన దాఖలాలు ఉన్నాయి కాబట్టి ఎహతియాత్‌గా 76 రోజులు ఉంచేవాళ్లే ఎక్కువ. ఈ రెండు ట్యాంకులకు ఒకే వల, ఒకే తడి చెయ్యి వాడినా చేసిందంతా వృథా. రాగి కలిసిన నీళ్లను వాగులో పోయకండి, అక్కడా మఖ్లూఖ్ ఉంది.

ఇంకో మాట. చుక్కలు ఉప్పురవ్వల్లా కాకుండా సన్నటి దుమ్ములా, బంగారురంగు పూతలా ఉండి, చేప ఊపిరి వేగంగా తీస్తుంటే అది వెల్వెట్. దానికి వారాల వ్యవధి ఉండదు, ఒకటి రెండు రోజుల్లోనే అంతా అయిపోవచ్చు. ఉప్పు తగ్గించడం దాని మీద పని చేయదు, వెంటనే రాగికి వెళ్లాలి. పేరు తెలుసుకోకుండా ఇలాజ్ మొదలుపెట్టకూడదు అనేది మనుషులకే కాదు, చేపలకూ వర్తిస్తుంది.

ఇక దీన్ మాట. సీరియా వైపు వెళ్తున్న హజ్రత్ ఉమర్ (రజి) అక్కడ ప్లేగు ఉందని సర్గ్ దగ్గర విని, లష్కర్‌ను వెనక్కి తిప్పారు. తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక తఖ్దీర్ నుంచి మరో తఖ్దీర్ వైపే పోతున్నామన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారు. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్నవాటి మధ్యకు తేవద్దని దైవప్రవక్త (స) మన్హా చేసిన సంగతి సహీ హదీసుల్లో ఉంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న మాటను జుమా బయానుల్లో చిన్నప్పటి నుంచి వింటున్నాం. క్వారంటైన్ అనే ముక్క మనకు కొత్త గానీ, ఆ సమఝ్ కొత్తది కాదు.

పిల్లి కథ కూడా గుర్తుంచుకోండి. మేత పెట్టక, బయటకు వదలక పిల్లిని కట్టేసి చంపిన స్త్రీ దాని మీదే అజాబ్‌కు గురైంది. అబూ ఉమైర్ అనే చిన్నపిల్లవాడి పిట్ట గురించి ప్రవక్త (స) ఆప్యాయంగా అడిగిన హదీసును బట్టి, సాకగలిగితే పెంచుకోవచ్చని ఉలమాలు అంటారు. ఇజాజత్ ఉంది, దానితో పాటే జిమ్మేదారీ ఉంది. బయట ఉంటే చేప తన మేత తాను వెతుక్కుంటుంది, జబ్బు నుంచి దూరంగా ఈదిపోతుంది. గాజులో బంధించిన క్షణం నుంచి ఆ రెండూ మన మెడకు పడ్డట్టే. అది అమానత్.

కొందరు అంటారు: "మనుషుల దవాఖానకే పైసలు లేని చోట చేపకు రెండో ట్యాంకా? ఇస్రాఫ్ కాదా?" సవాల్ సరైనదే. నా జవాబు ఇది: రెండో ట్యాంకుకు పైసలు లేకపోతే మొదటి ట్యాంకు పెట్టకండి. మొదటిది కొని రెండోది మానుకోవడమే అసలు ఇస్రాఫ్. ఎందుకంటే పైసలూ పోతాయి, ప్రాణాలూ పోతాయి. పెట్టగలిగినవాళ్లు హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి. మన దేశంలో సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాటిని పుట్టించి పెంచే పద్ధతి తయారు చేసింది. సముద్రంలో పట్టుకొచ్చిన చేపలకన్నా అవి డబ్బా బతుకుకు అలవాటుపడినవి. అయినా దుకాణంలో చాలాసార్లు అన్ని తొట్లకూ ఒకే నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి, అవి కూడా నేరుగా పెద్ద ట్యాంకులోకి పోకూడదు. నెల రోజులు బయట, తర్వాతే లోపల.

మొన్న మన్ననూర్ వెళ్లినప్పుడు భాంజా అదే గదిలో కూర్చొని ఉన్నాడు. ట్యాంకులో లైట్ వెలుగుతోంది, నీళ్లు తిరుగుతున్నాయి, చేప ఒక్కటీ లేదు. గోడకు వేసిన క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తున్నాడు, అప్పటికి 41. పక్కన చిన్న ట్యాంకు ఖాళీగా తయారుగా ఉంది. పక్కింటి పాప వచ్చి "నీమో ఎప్పుడొస్తది భయ్యా?" అంది.

"వస్తది బేటా. ముందు ఆ చిన్నదాంట్ల ఉంటది. తర్వాత ఇండ్ల."

"ఎందుకు?"

వాడు కిటికీలోంచి రోడ్డు వైపు చూపించాడు. శ్రీశైలం పోయే బండ్లను రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి పోనివ్వకుండా మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర ఆపేస్తారు కదా. ఆ దారిన పోయేవాళ్లంతా విసుక్కుంటారు, లోపల ఉన్న జంతువుల కోసమని ఊరి పిల్లలకు మాత్రం తెలుసు.

"గట్ల అన్నట్టు," అన్నాడు.

పాపకు అర్థమైంది. మనకూ అర్థమయ్యే తౌఫీఖ్ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.