హద్దులు గీసేటప్పుడు స్త్రీలెక్కడ?

చీరాల కదల్లేదు. గుంటూరు జిల్లాలోని ఆ ఊరు 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో కలిసింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఈ నిర్ణయాల్లో స్త్రీల మాట ఎక్కడుంది?

హద్దులైనా, పేరైనా మార్చేముందు ప్రజల అభ్యంతరాలు అడగాలని 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం చెబుతోంది. 2022లో 30 రోజుల గడువిచ్చారు. ముసాయిదా జనవరి చివర వచ్చింది. మన మెట్టపొలాల్లో అది మిరపకోతల కాలం. పొద్దున్నే కోతకెళ్ళే స్త్రీ కూలి వదులుకుని, గెజిట్ చదివించుకుని, కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తుందా? ఇవ్వకపోతే ఆమె ఒప్పుకున్నట్టే లెక్క! ఆ తర్వాత కొత్త జిల్లా కేంద్రానికి బస్సుఖర్చు పెట్టుకునేదీ ఆమే.

పేర్లూ అంతే. అప్పుడు ఏర్పడిన 26 జిల్లాల్లో ప్రకాశం, ఎన్టీఆర్ వంటి పురుషుల పేర్లున్నాయి. చరిత్రలోని ఒక్క స్త్రీ పేరూ లేదు. గుంటూరులో శారదానికేతనం నడిపిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ పుట్టిపెరిగిన సమాజం కాదా ఇది?

అయితే పేరొక్కటే చాలదంటాను. ముసాయిదాను గ్రామసభలో, పనివేళలు ముగిశాక చదివి వినిపించాలి. నోటితో చెప్పిన అభ్యంతరాన్నీ రాసుకోవాలి. ఎందరు స్త్రీలు మాట్లాడారో నివేదికలో చూపాలి. మరో ముసాయిదా రాకముందే మన సంఘాలు ఈ డిమాండ్లు పెట్టాలి.