జన్యువు చూశారు సరే, ఏ విభాగంలో పనిచేశాడో అడిగారా?

ఊపిరితిత్తుల్లో కణితి అనగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘బీడీ కాలుస్తారా?’ అడగాల్సిందే. కానీ భిలాయ్ లాంటి ఉక్కు పట్టణం నుంచి వచ్చిన మనిషిని ఇంకోటి కూడా అడగాలి: ఏ విభాగంలో, ఎన్నేళ్లు పనిచేశారు?

సోవియట్ సహకారంతో కట్టిన భిలాయ్ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఫర్నేస్‌కు కోక్ కావాలి. అందుకోసం కోక్ ఓవెన్లలో బొగ్గును గాలి తగలకుండా దాదాపు వెయ్యి డిగ్రీల వరకు వేడి చేస్తారు. మూతలు, తలుపుల సందుల్లోంచి పొగ కారితే అందులో తారు ఆవిరి, బెంజోపైరీన్ ఉంటాయి. ఈ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనట్టే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కిస్తుంది. ఓవెన్ల పైకప్పు మీద పనిచేసేవారికి ముప్పు అందరికన్నా ఎక్కువని అమెరికా ఉక్కు కార్మికులపై 1971లో వచ్చిన అధ్యయనమే చెప్పింది.

బెంజోపైరీన్ ఒంట్లో రూపం మారి డీఎన్‌ఏలోని గ్వానైన్‌కు అతుక్కుంటుంది. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునేటప్పుడు అక్కడ తప్పు దొర్లి, జీ ఉండాల్సిన చోట టీ పడుతుంది. దెబ్బతిన్న కణాన్ని ఆపే కాపలాదారు టీపీ53 జన్యువు. ఈ రసాయనం ఆ జన్యువులో ఎక్కువగా అతుక్కునే చోట్లూ, రోగుల కణితుల్లో అది ఎక్కువగా చెడిపోయిన చోట్లూ ఒకటేనని 1996లో ప్రయోగశాలలో తేలింది.

చిక్కంతా ఇక్కడే. బీడీ పొగలోనూ బెంజోపైరీన్ ఉంటుంది. బీడీ వదిలిన గుర్తునూ ఓవెన్ వదిలిన గుర్తునూ జన్యు పరీక్ష విడదీసి చెప్పలేదు. చెప్పగలిగేది డ్యూటీ రికార్డు మాత్రమే. పైగా జబ్బు బయటపడేసరికి ఇరవై, ముప్పై ఏళ్లు గడిచిపోతాయి. ఆ మనిషి రిటైరై శ్రీకాకుళమో విజయనగరమో చేరి ఉంటాడు. అక్కడి డాక్టరుకు కనిపించేవి దగ్గు, ఎక్స్‌రే, జేబులో బీడీ కట్ట. ‘బీడీ తాగేవాడు కదా’ అన్న మాటతో విచారణ ముగుస్తుంది. బీడీ తాగినంత మాత్రాన ఓవెన్ పొగ చేసిన హాని రద్దయిపోదు, రెండూ కలిస్తే ముప్పు పెరుగుతుంది.

ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పుందా అని చూసేది మందు ఎంచుకోవడానికి. ఆ రిపోర్టు పక్కనే పని చరిత్ర ఒక్క వరుస రాయడానికి ఖర్చేమీ లేదు. ఒక్క రోగి విషయంలో కారణం తేలకపోవచ్చు. వంద ఫైళ్లు పక్కపక్కన పెడితే ఏ విభాగం వాళ్లు ఎక్కువగా జబ్బుపడుతున్నారో కనిపిస్తుంది. రిటైరయ్యే రోజు ఇచ్చే కాగితాల్లో విభాగాలూ సంవత్సరాలూ రాసిన కార్డు ఒకటి చేరిస్తే, అది మనిషితోపాటే ఊరు వెళ్తుంది.