కాలిబాట దాటకండి

"నడవమంటారు సరే, ఎక్కడ నడవాలి? రోడ్డు మీద లారీలు, పొలం గట్ల మీద బురద." ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో షుగరు, బీపీ ఉన్నవారు అడిగే ప్రశ్న ఇది. ఊరి బయట చిట్టడవి ఉంది కదా అంటే, "ఆ ముళ్ళకంపలోనా? అది పనికిరాని నేల" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మనకు పడమట వెలిగొండలు. ఆ కొండలు దాటి బద్వేలు, సిద్ధవటం వైపు వెళితే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వస్తుంది. కలివికోడి అనే అరుదైన పక్షికి పేరుపొందిన చిట్టడవి అది. ఈ పక్షిని లోకానికి తెలియజేసిన జెర్డన్ ఒక డాక్టరు. మన నెల్లూరులో సివిల్ సర్జనుగా కూడా పనిచేశారు. 1900 తరువాత ఆ పక్షి ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. దానికి పెద్ద చెట్లు అక్కరలేదు. ముళ్ళపొదలు, వాటి మధ్య ఖాళీ నేల కావాలి. పొదలు నరికేస్తే దానికి నీడ ఉండదు. మనం పనికిరాదన్న నేలే దానికి ఇల్లు.

అయితే అలాంటి చోటికి మనుషులు అసలు పోకూడదని కొందరంటారు. నా అభిప్రాయం వేరు. తాము నడిచి చూసిన చోటును మనుషులు సులభంగా పాడుచేయరు. కాకపోతే ఒక షరతు: కాలిబాట దాటకూడదు. అభయారణ్యంలోకి వెళ్ళాలంటే ముందుగా అటవీశాఖ వారిని అడగాలి. పగలే వెళ్ళి పగలే రావాలి. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి, పాములూ చాలావరకు అంతే. బీడీ ముక్క పారవేయకూడదు, కట్టెలు కొట్టకూడదు.

ఈ షరతు మన కాళ్ళకూ మంచిదే. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. తుమ్మముల్లు దిగినా తెలియదు. అది పుండై, చీము పట్టి, చివరికి వేలు తీసివేయవలసి రావచ్చు. కనుక ఎంత దగ్గరైనా ఉత్త కాళ్ళతో నడవవద్దు. మేజోళ్ళు, మూసి ఉన్న బూట్లు వేసుకోండి. ఇంటికి రాగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో కాస్త చక్కెర పెట్టుకోండి. పాము కరిస్తే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, నోటితో పీల్చవద్దు. కాలు కదపకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు నడిస్తే చాలు. ఎండ ముదరకముందే బయలుదేరండి, ఒక తోడును తీసుకువెళ్ళండి. బాట మీదే నడిస్తే మన పాదం భద్రం, ఆ పొదల్లోని ప్రాణీ భద్రం.