ఆమె కాఫీ ఎలా తాగుతుందో ఎవరికి తెలుసు?

కాఫీ షాపులో కౌంటరు ముందు నిలబడి "ఓట్ మిల్క్, రెండు షాట్లు, ఐస్ తక్కువ, సిరప్ సగం వెయ్యండి" అని చెప్పే అమ్మాయి ఈమధ్య మన హాస్యానికి మంచి సరుకైంది. కార్టూన్లలోనూ, సెల్‌ఫోన్లలో తిరిగే వీడియోల్లోనూ ఆమెదే పాత్ర. వెనక క్యూలో మగవాడొకడు తల పట్టుకుంటాడు. బిల్లు కట్టాల్సిన మొగుడో తండ్రో జేబు తడుముకుంటాడు. చూసి మనమూ నవ్వుతాం. నాకు మాత్రం ఆ నవ్వు మింగుడు పడదు.

మన ఇళ్ళల్లో పొద్దుటి కాఫీ సంగతి ఒకసారి చూడండి. మామగారికి చిక్కటి డికాక్షన్, పంచదార లేకుండా, అదీ ఆయన స్టీలు గ్లాసులోనే. అత్తగారికి పాలెక్కువ, పైన నురగ ఉండాలి. భర్తకి పొగలు కక్కుతుండాలి. పేపరు చదువుతూ చల్లార్చుకుంటే మళ్ళీ వెచ్చబెట్టి ఇవ్వాలి. పిల్లాడికి బూస్టు. ఊర్నించి వచ్చిన చుట్టం కాఫీ తాగడు, అల్లం టీ కావాలి. ఒకే పొయ్యి మీద, ఎక్కడా రాసి పెట్టుకోకుండా, ఏళ్ళ తరబడి ఎవరిది వాళ్ళకి తప్పు లేకుండా అందించేది ఒక ఆడమనిషి. దీని మీద కార్టూన్లు రాలేదు. పైగా "ఆయనకి కాఫీ కుదరకపోతే రోజంతా చిరాకే" అని మురిపెంగా చెప్పుకుంటాం కూడా. మగవాడి నాలుక పట్టింపు అభిరుచి అవుతుంది. ఆడపిల్లది గారాబం, ఫ్యాషన్, ఒళ్ళు తెలియని ఖర్చు.

అందరికీ ఇచ్చాక ఆ వంటింటి మనిషి తాగేదేమిటి? అడుగున మిగిలిన పల్చటి డికాక్షన్, చల్లారిన పాలు. ఆమెకి కాఫీ ఎలా ఇష్టమని ఆ ఇంట్లో వాళ్ళనడిగితే చాలామంది చెప్పలేరు. కొన్నిసార్లు ఆమే చెప్పలేదు. ఇష్టాన్ని ఎవరూ అడగనప్పుడు అది ఉన్నట్టే గుర్తుండదు.

ఎవరికి కావలసినట్టు వాళ్ళకి కలిపివ్వడం అమెరికా కంపెనీలు కనిపెట్టిన విద్య కూడా కాదు. మన కాఫీ హోటళ్ళలో "స్ట్రాంగ్ ఒకటి, లైట్ ఒకటి, షుగర్ లేకుండా ఒకటి" అన్న కేక ఎప్పట్నించో ఉంది. హైదరాబాదు ఇరానీ హోటల్లో "పౌనా" అంటే చాలు. కాకపోతే ఆ కేక వేసేది మగవాళ్ళు. గంటల తరబడి కూచుని రాజకీయాలు మాట్లాడిందీ వాళ్ళే. స్త్రీలు వస్తే 'ఫ్యామిలీ' అని రాసిన ఓ మూల గదిలో, పరదా వెనక, అదీ వెంట ఎవరో ఒక మగతోడు ఉంటేనే బాగుండేది. దళితులకయితే చాలా ఊళ్ళలో గ్లాసే వేరు. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం హోటల్లోకి రానివ్వకపోవడాన్నీ, అందరి పాత్రలూ వాడనివ్వకపోవడాన్నీ నేరమంది. అయినా రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. కాఫీ ఎలా కావాలనే ప్రశ్న కంటే ముందు ఎక్కడ, ఎవరి పక్కన కూచుని తాగాలనే ప్రశ్న ఉంది. (కొత్త షాపుల్లో పేరడిగి కప్పు మీద రాస్తారు. మన దేశంలో పేరడగడం అంత అమాయకమైన పనేమీ కాదు.)

1996లో బెంగుళూరులో కెఫె కాఫీ డే, 2012లో ముంబైలో స్టార్‌బక్స్ వచ్చాయి. వాటి వెనక ఇంకెన్నో. కూలీనాలీ చేసుకునే వాళ్ళని లోపలికి రానివ్వకుండా అక్కడి ధరలే కాపలా కాస్తాయి. అది ఒప్పుకుంటూనే చెబుతున్నాను, ఒక ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళి, మూల గది వెతుక్కోకుండా మధ్యలో కూచుని, "నాకిలా కావాలి" అని కొత్తవాళ్ళ ముందు నాలుగు ముక్కలు గట్టిగా చెప్పడాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కొనుక్కున్న స్వేచ్ఛ అని మన మిత్రులు కొందరు కొట్టిపారేస్తారు. కొనుక్కున్నదే. ఇంట్లో ఊరికే దొరికితే కొనుక్కోవలసిన పనేముంది?

అయితే కౌంటరుకి అవతలి వైపు కూడా చూడాలి. ఇంట్లో మనం జీతం లేకుండా చేసే పనినే అక్కడ ఇంకొకరు కొద్ది జీతానికి చేస్తున్నారు. ఎవరికి ఏది ఇష్టమో గుర్తు పెట్టుకోవడం, విసుగు కనిపించనివ్వకపోవడం, నవ్వడం. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే స్త్రీలను పరిశీలించి, ఈ నవ్వు కూడా శ్రమేనని, దాన్ని యజమాని అమ్ముకుంటున్నాడని రాసింది. 2021లో అమెరికాలో ఒక బారిస్టా తనకొచ్చిన ఆర్డరు చీటీని ఫోటో తీసి అందరికీ చూపించాడు. ఒక్క డ్రింకుకి పదమూడు మార్పులు, అందులో అయిదు అరటిపళ్ళు! జనం పడీ పడీ నవ్వారు, అతని ఉద్యోగం పోయిందని తర్వాత వార్తలొచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో బఫలో నగరంలోని స్టార్‌బక్స్ ఉద్యోగులు ఓటేసి యూనియన్ పెట్టుకున్నారు. చాలినంతమంది మనుషుల్ని పెట్టకుండా ఆర్డర్లు మీద పడెయ్యడం వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి.

మన నగరంలో ఇలాంటి షాపులో పనిచేసే ఒకమ్మాయితో ఈమధ్య మాట్లాడాను. మార్పులు ఎన్ని చెప్పినా తనకి కష్టం లేదంది. "చేతికి అలవాటైపోయింది మేడమ్. కాళ్ళే. తొమ్మిది గంటలు నిలబడాలి. షాపునిండా కుర్చీలే, మాకు మాత్రం ఒక్క స్టూలు లేదు." నవ్వుతూ కప్పు అందిస్తే దాన్ని వేరే అర్థం చేసుకుని ఫోన్ నంబరు అడిగే కస్టమర్ల గురించి కూడా చెప్పింది. మేనేజరుకి చెబితే "కస్టమర్ కదా, సర్దుకో" అన్నాడట. సర్దుకోవలసిన అవసరం లేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పనిచోటుకి వచ్చిపోయే బయటివాళ్ళ నుంచి రక్షణ కల్పించే బాధ్యత కూడా యజమానిదే. ఆ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

ఇక స్టూలు. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం ఏళ్ళపాటు పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా ఆ పని చేసింది. మన దగ్గర చీరల షాపులు, నగల షాపులు, ఇప్పుడీ కాఫీ షాపులు, అన్నిట్లోనూ నిలబడి ఉన్నది ఎక్కువగా ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు. స్త్రీల సంఘాలూ, కార్మిక సంఘాలూ కలిసి ఈ ఒక్క విషయం పట్టుకుంటే పెద్ద ఖర్చుతో కూడిన కోరికేమీ కాదని యజమానులక్కూడా తెలుసు. ఈలోగా, ఓట్ మిల్క్‌తో పాటు "మీకు కూచోడానికేమీ లేదా?" అని కాస్త గట్టిగా, మేనేజరుకి వినపడేలా అడగడానికి మనకేం అడ్డం?