పైనుంచి దిగని సంజాయిషీ

2018 ఫిబ్రవరి 4. మినియాపొలిస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మొదలవబోతోంది, జాతీయగీతం పాడుతున్నారు. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఆటగాళ్ల మీదుగా పోతున్న కెమెరా ఒక ముఖం దగ్గర ఆగింది. మాల్కమ్ బట్లర్ ఏడుస్తున్నాడు. పాటకు మనసు కరిగిందనుకున్నారు చాలామంది. ఆ సీజన్‌లో జట్టు డిఫెన్స్ ఆడినంతసేపటిలో దాదాపు 98 శాతం మైదానంలో ఉన్నవాడు అతను. ఆ రోజు మాత్రం డిఫెన్స్‌లో ఒక్క క్షణం కూడా దించలేదు. కిక్ సమయంలో ఒకే ఒక్కసారి పంపారు, అంతే. మిగిలిన ఆటంతా పక్కన నిలబడి చూశాడు. ఫిలడెల్ఫియా ఈగల్స్ 41–33తో గెలిచింది.

ఇన్నేళ్లయినా నేను ఆ ముఖాన్ని మరచిపోలేదు. గెలుపోటముల లెక్క అటుంచి, ఒక పనివాడికి దక్కాల్సిన కనీస గౌరవం గురించి ఈ వారం రాయాలనిపించింది.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, అంచుల్లో పరుగెత్తే రిసీవర్ అందుకుంటాడు. ఆ రిసీవర్‌ను నీడలా అంటిపెట్టుకుని ఉండాల్సినవాడు కార్నర్‌బ్యాక్. మన కబడ్డీలోనూ కార్నర్ ఉంటాడు. కానీ అతని చేయి పట్టుకోవడానికి పక్కనే తోటివాడుంటాడు, కూతకు వచ్చినవాడు ఎదురుగానే ఉంటాడు. కార్నర్‌బ్యాక్ బతుకు వేరు. చాలాసార్లు ఒంటరిగా, వెనక్కి అడుగులేస్తూ, ముందుకు దూసుకొచ్చేవాడిని కాచుకోవాలి. ఎటు మళ్లాలో రిసీవర్‌కు ముందే తెలుసు, ఇతనికి తెలియదు. పైగా 1978 నుంచి ఒక నిబంధన: మొదటి ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను చేతులతో అడ్డుకోకూడదు. ఇక మిగిలేది కాళ్లు, కళ్లు. పని చక్కగా చేస్తే బంతి అతని వైపు రానే రాదు, టీవీలో అతను కనిపించడు. ఒక్క అడుగు తప్పితే మాత్రం దేశమంతా చూస్తుంది.

బట్లర్‌ది మిసిసిపీ నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్. హైండ్స్ కమ్యూనిటీ కాలేజీలో ఆడుతుండగా జట్టులోంచి తీసేశారు. ఊరికి తిరిగొచ్చి పొపైస్ అనే వేయించిన కోడిమాంసం దుకాణంలో పనిచేశాడు. మళ్లీ హైండ్స్‌కే వెళ్లి ఆడాడు, అక్కడినుంచి వెస్ట్ అలబామా విశ్వవిద్యాలయానికి చేరాడు. పెద్ద జట్ల ప్రతినిధులు అరుదుగా తొంగిచూసే రెండో శ్రేణి అది. వృత్తిపరమైన జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2014లో 256 మందిని తీసుకున్నారు. వారిలో ఇతను లేడు. పేట్రియాట్స్ పరీక్షగా చూద్దామని పిలిచింది, చూశాక ఉంచుకుంది. పిలుపు వస్తుందో రాదో తెలియని రోజులను దాటి వచ్చిన ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

తొలి సీజన్ చివరే సూపర్ బౌల్. ప్రత్యర్థి సియాటిల్ సీహాక్స్. ఆ వారం సాధనలో సియాటిల్ వాడే ఒక ఎత్తుగడను తమవాళ్లతోనే వేయించి చూశారు. గోల్ గీత దగ్గర ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. ముందువాడు డిఫెండర్‌కు అడ్డుపడతాడు, వెనుకవాడు లోపలికి మళ్లి బంతి అందుకుంటాడు. బట్లర్ అడ్డొచ్చినవాడి వెనుకనుంచి చుట్టు తిరిగి వెళ్లాడు, ఒక అడుగు ఆలస్యమైంది. టచ్‌డౌన్ అయిపోయింది. కోచ్ బిల్ బెలిచిక్ అతనితో ఒక్క మాటన్నాడు: దీన్ని నువ్వు అందుకోవాలి.

2015 ఫిబ్రవరి 1, అరిజోనాలోని గ్లెన్‌డేల్. మనకప్పటికి సోమవారం ఉదయం. పేట్రియాట్స్ 28, సీహాక్స్ 24. ఆఖరి నిమిషాల్లో సియాటిల్ రిసీవర్ జెర్మేన్ కర్స్ వైపు పొడవాటి బంతి వచ్చింది. బట్లర్ గాల్లోకి లేచి బంతిని తాకాడు. అది నేలమీద పడాలి. పడలేదు. వెల్లకిలా పడిన కర్స్ కాళ్లకు, చేతులకు తగిలి ఎగిరి మళ్లీ అతని చేతుల్లోకే చేరింది. 33 గజాలు. కర్స్ లేచి పరుగందుకునే లోపు బట్లర్ కూడా లేచి అతన్ని గీత బయటికి నెట్టాడు. ఆ నెట్టుడు గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో అది ఆ తర్వాతి దానికంటే ఏమాత్రం చిన్నది కాదు. చేసిన పనంతా బూడిదలో పోసినట్టయిన క్షణంలో కూడా ఆటను వదలని మనిషి అక్కడ కనిపించాడు.

మర్శాన్ లించ్ పరుగుతో సియాటిల్ గోల్ గీతకు ఒక గజం దూరానికి చేరింది. పక్కన దిగాలుగా ఉన్న బట్లర్‌ను లోపలికి వెళ్లమన్నారు. 26 సెకన్లు ఉన్నాయి. ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారు. బట్లర్ గుర్తుపట్టాడు. ముందున్న కర్స్‌ను సహచరుడు బ్రాండన్ బ్రౌనర్ రెండు చేతులతో అక్కడికక్కడే ఆపేశాడు. ఐదు గజాల లోపే కాబట్టి అది సక్రమమే. దారి తెరుచుకుంది. ఈసారి బట్లర్ చుట్టు తిరగలేదు. వెనుకనున్న రికార్డో లాకెట్ కోసం క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ విసిరిన బంతి దగ్గరికి లాకెట్ కంటే ముందే చేరి రొమ్ముకు హత్తుకున్నాడు. ఆ రోజు ఉత్తమ ఆటగాడిగా పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి ట్రక్కు బహుమతిగా వస్తే, దాన్ని అతను బట్లర్‌కే ఇచ్చేశాడు.

ఒక గజం దూరంలో ఉండి, లించ్ లాంటివాడి చేతికి బంతి ఇవ్వక ఎందుకు విసిరారని సియాటిల్ ఇప్పటికీ అడుగుతుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లతో మాట్లాడినా నాకు ఇదే వినిపించింది. ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ అందులో బట్లర్ మాయమైపోతాడు. సియాటిల్ కోచ్ పీట్ కారొల్ పొరపాటు చేస్తే దొరికిన అదృష్టంగా మిగిలిపోతుంది అతని పని. అంతకుముందు సాధనలో ఓడిపోయి, ఎందుకు ఓడిపోయాడో తెలుసుకుని, అదే దృశ్యం ఎదురైన క్షణాన తప్పు దిద్దుకోవడం అదృష్టమెలా అవుతుంది?

తర్వాతి ఏడాది మేటి ఆటగాళ్ల ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. 2016 సీజన్‌లో లీగ్ ఉత్తముల జాబితా అయిన ఆల్ ప్రో రెండో జట్టులో చోటు, చివర్లో అట్లాంటాపై గెలిచి రెండో సూపర్ బౌల్ ఉంగరం. 2017లో పేట్రియాట్స్ బయటినుంచి స్టెఫన్ గిల్మోర్‌ను ఐదేళ్లకు 6.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకుంది. బట్లర్ ఆ ఏడాది 40 లక్షల డాలర్లకు కాస్త తక్కువకే ఆడాడు. మనసు నొచ్చుకుని ఉండవచ్చు. అయినా ప్రతి మ్యాచ్‌లోనూ దిగాడు.

ఆ తర్వాతే మినియాపొలిస్. జబ్బుచేసి అతను జట్టుకంటే ఒకరోజు ఆలస్యంగా అక్కడికి చేరాడు. అతని స్థానంలో ఎరిక్ రో ఆడాడు. ఈగల్స్ రిజర్వు క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ గాలిలోనే 373 గజాలు సంపాదించాడు. ఈగల్స్ మొత్తం 538 గజాలు సాధించింది. గండి పడ్డ చెరువుకట్టలా డిఫెన్స్ కూలుతుంటే బట్లర్ గట్టునే ఉండిపోయాడు. జట్టు తనను వదిలేసిందని, తాను దిగి ఉంటే ఆట మారేదని ఆట ముగిశాక బాధలో అన్నాడు.

ఎవరిని ఆడించాలన్నది కోచ్ హక్కు. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. బెలిచిక్ ఆ హక్కును అందరికంటే బాగా వాడినవాడు. 2014 సీజన్ చివర్లో ఆ అనామకుణ్ని నమ్మింది కూడా ఆయనే. బట్లర్ దిగినా జట్టు ఓడేదేమో. నా అభ్యంతరం నిర్ణయం మీద కాదు, నిర్ణయం తర్వాతి మౌనం మీద. జట్టుకు ఏది మంచిదనుకున్నామో అది చేశామన్నాడు ఆయన. అంతకు మించి వివరం ఇవ్వలేదు. ఖాళీ ఇంట్లో దయ్యాలు చేరినట్టు ఆ మౌనంలోకి పుకార్లు చేరాయి. వేళ మించి బయట తిరిగాడన్నారు, ఇంకేవేవో అన్నారు. అవేవీ నిజం కాదని బట్లర్ తానే ఇన్‌స్టాగ్రామ్‌లో రాసుకోవాల్సి వచ్చింది. చేయని తప్పును చేయలేదని లోకం ముందు చెప్పుకోవలసిన స్థితికి ఒక మనిషిని నెట్టడం అన్యాయం.

మన ఆఫీసుల్లో సంజాయిషీ అనే మాట అందరికీ తెలుసు. ఆలస్యమైతే సంజాయిషీ, లెక్క తప్పితే సంజాయిషీ. కాగితం ఎప్పుడూ కిందినుంచి పైకే పోతుంది. పైనుంచి కిందికి ఒక్కటి దిగడం నేను చూడలేదు. మూడేళ్లు పాఠం చెప్పిన టీచరమ్మను పరీక్షల ముందు వేరే తరగతికి మార్చినప్పుడు, ఏళ్ల తరబడి అదే రూటులో బస్సు నడిపిన డ్రైవరును ఒక ఉదయం డిపోలో కూర్చోబెట్టినప్పుడు, వాళ్లను తినేసేది పని పోవడం ఒక్కటే కాదు. నేనేం చేశాను అన్న ప్రశ్న. దానికి జవాబు ఉంటే మనిషి దిద్దుకుంటాడు. సాధనలో విన్న ఆ ఒక్క మాటతో బట్లర్ ఎలా దిద్దుకున్నాడో ప్రపంచం చూసింది. మూడేళ్ల తర్వాత అంత పొడవు మాట ఇంకొకటి బహిరంగంగా చెప్పి ఉంటే, అది ఎంత చేదుగా ఉన్నా, పుకార్లకు చోటుండేది కాదు.

2018 మార్చిలో టెనసీ టైటాన్స్ అతనికి ఐదేళ్లకు 6.1 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. మూడు సీజన్లు ఆడాడు, మధ్యలో మణికట్టు గాయంతో ఒక సీజన్ సగంలోనే ఆగింది. 2021లో టైటాన్స్ వదిలేసింది. అరిజోనా కార్డినల్స్‌తో ఒప్పందం చేసుకుని, ఒక్క మ్యాచ్ ఆడకముందే స్వంత కారణాలతో ఆట మానుకున్నాడు.

2022లో మళ్లీ ఆడతానన్నాడు. వెళ్లిన చోటు పేట్రియాట్స్, అదే కోచ్ దగ్గరికి. వయసు 32. ఆగస్టులో గాయపడ్డాడు, జట్టు అతన్ని వదులుకుంది. ఆ తర్వాత మళ్లీ మ్యాచ్ ఆడలేదు. ఆ కొన్ని నెలల్లో ఎప్పుడో ఒకరోజు, ఏదో ఒక గదిలో తలుపు వేసుకుని, ఆ ఇద్దరూ మినియాపొలిస్ గురించి మాట్లాడుకుని ఉండాలని నేను మనసారా కోరుకుంటున్నాను.