యారో కంటే ముందు తుమ్మి

పోయిన డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో యారో విత్తనాలు ఆర్డర్ పెట్టాను. యారో అంటే హిందీ పాటల్లో వినిపించే 'దోస్తులారా' అనుకునేరు. అదొక మొక్క. శాస్త్రీయ నామం అకిలియా మిల్లెఫోలియం. గ్రీకు వీరుడు అకిలీస్ తన సైనికుల గాయాలకి దీన్ని వాడాడని కథ, అందుకే ఆ పేరు. ఈకల్లాంటి సన్నని ఆకులు, గొడుగులా పరుచుకున్న తెల్లపూల గుత్తులు. యూట్యూబ్‌లో ఎవరిదో ఇంగ్లండ్ తోట చూసి పడిపోయాను.

మాది గుడివాడ. ఇంట్లో జాగా లేదు కాబట్టి దివిసీమలో, నాగాయలంక దగ్గర అమ్మమ్మ వాళ్ళ పెరట్లో వేశాను. ఈ విత్తనం మొలవాలంటే వెలుతురు తగలాలి. అందుకని మట్టి కప్పకుండా పైపైనే చల్లాను. మొలిచాయి కూడా! క్లాస్ గ్రూపులో ఫొటో పెడితే అందరూ లైకులు కొట్టారు. రోహిణి కార్తెకి సగం మాడిపోయాయి. జూలై వానలకి మిగతావి వేళ్ళు కుళ్ళి చచ్చాయి.

తప్పు మొక్కది కాదు. యారో చల్లటి చోట్ల పెరిగే మొక్క. మన దేశంలో కశ్మీర్ వైపు కొండల్లో దానంతటదే పెరుగుతుంది. నీళ్ళు నిలవని నేల కావాలి దానికి. మనది నల్లరేగడి. వానొస్తే జిగురు, ఎండొస్తే నెర్రెలు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ చౌడు అదనం. వాళ్ళ సిస్టమ్‌లో రన్ అయిన కోడ్ మన సిస్టమ్‌లో క్రాష్ అయింది, అంతే.

నేను సిగ్గుపడే సంగతి వేరే ఉంది. యారోకి చోటు కోసం ఆ రోజు పెరట్లో కలుపంతా పీకేశాను. అమ్మమ్మ వచ్చి చూసి, "తుమ్మి మొక్కలన్నీ పీకేశావేంట్రా?" అంది. తుమ్మి అంటే ఏంటని అడిగాను. నా మొహంలోకి ఓసారి చూసి, పీకిన దాంట్లోంచే ఒకటి తీసి చూపించింది.

జానెడు మొక్క. కణుపు కణుపుకీ ఓ గుండ్రటి గుత్తి, అందులోంచి తొంగిచూసే చిన్న చిన్న తెల్లపూలు. తులసి కుటుంబమే. ల్యూకాస్ ఆస్పెరా అంటారు. ఆ పూలు శివుడి పూజకి వాడతారు. చిన్నప్పుడు పూలు పీకి తేనె చీకేవాళ్ళమని అమ్మమ్మ చెప్పింది. కేరళలో ఓణం ముగ్గుల్లో పెట్టే తెల్లపువ్వు ఇదేనట. తేలు కుట్టినచోట ఆకు పసరు రాసేవాళ్ళట కూడా. నేను మాత్రం ఆస్పత్రికే పొమ్మంటాను. విత్తనం కొనక్కర్లేదు, నీళ్ళు పోయక్కర్లేదు. వానలు పడితే బోదె గట్టున అదే లేస్తుంది.

విదేశీ మొక్కలు వద్దని నేను అనట్లేదు. మన పచ్చడిలో మిరప, గుమ్మానికి కట్టే బంతి, రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మన నేల వాటికి సరిపడింది, అవి మనవైపోయాయి. నా గొడవల్లా ఒక్కటే. అకిలీస్ తెలిసిన నాకు తుమ్మి ఎందుకు తెలియలేదు? ఇంగ్లీష్ మీడియంలో హెర్బ్స్, ష్రబ్స్, క్లైంబర్స్ అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నా. పెరట్లో మొక్కలన్నిటికీ నా దగ్గరున్న పేరు ఒక్కటే: వీడ్. పేరు తెలియనిదాన్ని పీకెయ్యడం చాలా తేలిక. అమ్మమ్మతో కూర్చుని ఆ పెరట్లో మొక్కల పేర్లు ఇప్పటికి పదకొండు రాసుకున్నాను. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. ఆ డేటాకి ఇంకెక్కడా బ్యాకప్ లేదు.

అందుకే మన క్లబ్‌కి ఓ ప్రపోజల్. హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో వానలు పడగానే మెషీన్‌తో గడ్డంతా కోయించేస్తున్నారు. ఈసారి ఒక్క వరస వదిలెయ్యమని అడుగుదాం. అక్కడ ఏం మొలిస్తే దానికి తెలుగులో పేరు రాసి బోర్డు పెడదాం. బందరు వాళ్ళు, గుడివాడ వాళ్ళు, దివి వాళ్ళు తలా ఒక పేరు ఇంటి దగ్గర అడిగి తెండి. తుమ్మి బోర్డు నేను రాస్తాను. పీకింది నేనే కాబట్టి.